ముందు విడిచిన చోటు

రోడ్డు మీద బండ్లు నిలిచిపోతే ముందు ఏదో ప్రమాదం జరిగి ఉంటుందని అనుకుంటాము. అన్నిసార్లూ అది నిజం కాదు.

మూడేండ్ల క్రిందట మా కోడలికి నొప్పులు రాగా కారులో ఏలూరు నుండి విజయవాడకు బయలుదేరాము. హనుమాన్ జంక్షన్ దాటాక బండ్లన్నీ ఆగిపోయాయి. కొంచెం కదలడం, మరల ఆగడం. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇరవై నిమిషాల తరువాత దారి దానంతటదే తెరుచుకుంది. చూస్తే ప్రమాదం లేదు, చెడిపోయిన బండి లేదు. సమయానికి ఆసుపత్రి చేరాము, పాప క్షేమంగా పుట్టింది. కాని ఎందుకు ఆగామన్న ప్రశ్న నాలో మిగిలింది.

మా తమ్ముడు లారీ డ్రైవరు. వాణ్ణి అడిగాను. "అక్కా, ముందు బండికి అంటుకుని పోతుంటే, అతను కొంచెం బ్రేకు వేసినా మనం గట్టిగా వెయ్యాలి. మన వెనుకవాడు ఇంకా గట్టిగా వేస్తాడు. ఎక్కడో వెనుక ఒకడు పూర్తిగా ఆగిపోతాడు" అన్నాడు.

జపానులో శాస్త్రజ్ఞులు దీనినే చేసి చూపి 2008లో ప్రకటించారు. 230 మీటర్ల గుండ్రని బాట మీద 22 కార్లను గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నడపమన్నారు. సిగ్నలు లేదు, అడ్డు లేదు. అయినా కొంతసేపటికి కొన్ని కార్లు నిలిచిపోయాయి. ఆ ఆగుడు ఒక కారు నుండి మరొక కారుకు వెనుకకు ప్రాకింది. అమెరికాలోని అరిజోనాలో ఇటువంటి బాట మీదనే ఇరవైకి పైగా కార్ల మధ్య ఒక్క కారును కంప్యూటరు సాయంతో నిలకడగా నడిపారు. వెనుకకు ప్రాకే ఆ ఆగుడు సద్దుమణిగింది. 2018లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

మన రోడ్ల మీద లారీ, ట్రాక్టరు, ఆటో, మోటారు సైకిలు కలిసి పోతాయి. బరువు బండి ఒకసారి ఆగితే మరల వేగం అందుకోవడానికి చాలాసేపు పడుతుంది. అందుచేత దాని ముందు చోటు మరీ అవసరం.

"చోటు విడిస్తే మోటారు సైకిలువాడు దూరడా?" అన్నాను.

"దూరుతాడక్కా. దూరనీ. నేను మరికొంచెం వెనక్కి తగ్గుతాను, అంతేగా!" అన్నాడు.

మోటారు సైకిలు నడిపే మన పిల్లలకు, ట్రాక్టరు తోలే మన అన్నదమ్ములకు ఈ మాట చెప్పుదాము. ముందు చోటు విడవండి, ఎడమ ప్రక్కగా పోండి, ఊరకే బ్రేకు వేయకండి. మన వెనుక పదవ బండిలో ఎవరు ఏ ఆపదలో ఉన్నారో మనకు తెలియదు.