మాట వినడం

తెలుగు ఇండ్లలో తల్లి బిడ్డ మీద చేసే పాత ఫిర్యాదు ఒకటున్నది: ‘వీడు మాట వినడు.’ బిడ్డకు చెవుడు లేదని ఆమెకు తెలుసు. విని, లేచి, ఆ పని చేస్తేనే విన్నట్లు, లేకుంటే విననట్లే. బైబిలు పాత నిబంధన వ్రాయబడిన హీబ్రూ భాషలోనూ ఇదే పద్ధతి. ‘షమా’ అనే ఒక్క క్రియ వినడానికీ, లోబడడానికీ చెల్లుతుంది. హిందీ నానుడి మరొక వైపు చూపుతుంది. ‘కహా మాన్‌నా’ అంటే చెప్పినదానిని ఒప్పుకొనడం; అందులో చెవికంటె మనస్సుకు పని ఎక్కువ. దేవునికి విధేయుడై బ్రతకాలనుకొనే క్రైస్తవుని చిక్కంతా ఈ రెండు మాటల నడుమనే ఉన్నది. వినవలసినది ఎవరి మాట? విన్నదానిని మనస్సు ఒప్పుకొనకపోతే ఏమి చేయాలి?

ఈ ప్రశ్నలను జీవితమంతా మోసినవారిలో పండిత రమాబాయి ఒకతె. ఆమె 1858లో పశ్చిమ కనుమలలోని గంగామూలలో పుట్టినది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన భార్యకు సంస్కృతం నేర్పి పండితుల ఆగ్రహానికి పాత్రుడైనవాడు. రమాబాయి ఆ తల్లివద్దనే సంస్కృతం నేర్చినది. కుటుంబమంతా ఊరూర తిరుగుతూ పురాణం చదివి జీవించేది. 1870ల కరువులో తల్లిదండ్రులు, అక్క గతించారు. మిగిలిన అన్నతో దేశమంతా నడిచి 1878లో కలకత్తా చేరగా, అక్కడి పండితులు ఆమెను పరీక్షించి ‘సరస్వతి’ బిరుదమిచ్చారు. 1880లో అన్న పోయాడు. ఆ ఏడే వివాహమైనది. 1882లో భర్త పోయాడు. ఒడిలో పసిబిడ్డ మనోరమ మిగిలినది. 1883లో ఆ బిడ్డతో, వైద్యవిద్య అభ్యసించే ఆశతో, ఇంగ్లండు వెళ్ళినది. వినికిడి తగ్గుతూ ఉండడంచేత ఆ ద్వారం మూసుకొన్నది. ఆ సంవత్సరం సెప్టెంబరు 29న వాంటేజి పట్టణంలో బాప్తిస్మం పొందినది.

చెవి మందగించిన మనిషి వినడం నేర్చుకొనడమే అటుపైని కథ.

వాంటేజిలోని ఆంగ్లికన్ సన్యాసినులు ఆమెను ప్రేమతో ఆదరించారు. ప్రేమతోబాటు విధేయతనూ కోరారు. సంఘం బోధించినది సంశయించక స్వీకరించడమే క్రొత్త విశ్వాసికి తగిన వినయమని వారి నమ్మకం. రమాబాయి సంశయించినది. క్రీస్తు దైవత్వాన్ని గురించిన సిద్ధాంతాలపై ప్రశ్న మీద ప్రశ్న వేసినది. సిలువ మీద లాటిను అక్షరాలెందుకు, సంస్కృతాక్షరాలు ఎందుకు పనికిరావని అడిగినది. పుట్టుకతో వచ్చిన శాకాహారాన్ని విడువలేదు. ఆమె పురుషులకు పాఠం చెప్పరాదని బిషప్పులు అభ్యంతరపెట్టగా, ఆ అధికారం వారికెక్కడిదని వాదించినది. ఆమెకు ధర్మమాత వంటి సిస్టర్ జెరాల్డీన్‌కు ఇందులో అహంకారం కనబడినది. ఒక పౌరోహిత్యపు కాడిని ఎంతో కష్టంతో దించుకొని వచ్చి మరొక కాడిక్రింద మెడ పెట్టలేనని రమాబాయి సమాధానం. అంతరాత్మ కూడ దేవుడిచ్చినదే గదా అని ఆమె వాదం.

ఆ సిస్టర్ భయాన్ని తేలికగా త్రోసివేయరాదు. తన మనస్సు ఒప్పినదానికే లోబడేవాడు లోబడుతున్నది తన మనస్సుకే కావచ్చును. అయితే సువార్తలో ఇద్దరు కుమారుల ఉపమానమున్నది. తండ్రి ద్రాక్షతోటలో పనికి పొమ్మంటే ఒకడు పోనని, పిదప మనస్సు మార్చుకొని వెళ్ళాడు. రెండవవాడు వెళతానని వెళ్ళలేదు. తండ్రి ఇష్టం నెరవేర్చినవాడు మొదటివాడే. రమాబాయి నోరు ‘కాదు’ అన్న సందర్భాలనే లెక్కించేవారు ఆమె పాదాలు ఎటు నడచినవో కూడ చూడాలి.

పాదాలు స్వదేశం వైపు నడిచినవి. అమెరికాలో సహాయం కూడగట్టుకొని వచ్చి, 1889లో బొంబాయిలో విధవలకోసం శారదాసదనం తెరచినది. మరుసటి ఏడు అది పుణెకు మారినది. మత బోధ ఉండదని అప్పుడు మాట ఇచ్చినది. ఆమె తన గదిలో ప్రార్థించుకొనేది; తలుపు తీసే ఉండేది; కొందరు బాలికలు వచ్చి కూర్చొనేవారు. ఇచ్చిన మాట తప్పినదని పుణెలో కలకలం పుట్టినది. 1893లో రానడే, భాండార్కర్ వంటి హితైషులు సలహాసంఘంనుండి తొలగిపోయారు. పలువురు తమ పిల్లలను తీసుకొనిపోయారు. దేవునికి లోబడడానికై తలుపు మూయలేదని ఆమె భావం. నమ్మి పిల్లలను అప్పగించిన వారి బాధ కూడ నిజమే. దేవునికి విధేయులమనే ధైర్యం మనుష్యులకిచ్చిన మాట బరువును తగ్గించదు. ఆ రెండింటి రాపిడిని రమాబాయి తప్పించుకొనలేకపోయినది. ఆ మార్గంలో నడిచేవారెవరికీ అది తప్పదు.

బాప్తిస్మం పొందిన ఎనిమిదేండ్లకుగాని తనకు దొరికినది క్రైస్తవమతమే, క్రీస్తు కాదని తెలియలేదని ఆమె తరువాత తన సాక్ష్యంలో వ్రాసుకొన్నది. విధేయత ఒక దినపు ప్రమాణంతో ముగిసేది కాదని దీని తాత్పర్యం. క్రీస్తు సైతం తాను పొందిన శ్రమలవలన విధేయత నేర్చుకొన్నాడని హెబ్రీయుల పత్రిక చెప్పుతుంది. నేర్చుకొనడానికి బడి కావాలి. రమాబాయికి ఆ బడి కేడ్‌గావ్.

1896లో మధ్యపరగణాలలో కరువు వచ్చినది. ఆకలితో తల్లిదండ్రులు మరణించగా చూచిన కండ్లకు ఆ వార్త వట్టి వార్తగా తోచలేదు. తానే వెళ్ళి, సుమారు 300 మంది బాలికలను, స్త్రీలను తీసుకొనివచ్చి, పుణెకు తూర్పున రైలుమార్గం మీదనున్న కేడ్‌గావ్‌లో నివాసం కల్పించినది. అదే ముక్తిసదనం. 1900 కరువు తరువాత అక్కడివారి సంఖ్య 2000కు చేరినది. అక్కడ ప్రశ్నలు వాంటేజి ప్రశ్నల వంటివి కావు. ఈ పూటకు పిండి చాలునా? వేసవికి బావిలో నీరు నిలుచునా? పొలం, మగ్గం, పశువుల శాల, ముద్రణశాల అన్నీ స్త్రీల చేతులమీద నడవాలి. మనోరమ అంధులకోసం బ్రెయిలీ లిపి నేర్చి వారికి చదువు చెప్పినది. ఇక్కడ దేవుని ఆజ్ఞ ఉరుముగా వినబడదు. ఆకలిగొన్న బిడ్డ ఏడుపుగా వినబడుతుంది. ఆ ఏడుపు విని లేవడానికి చెవి పదును కానక్కరలేదు.

ఆమె కడపటి పాఠం అన్నిటికంటె కఠినమైనది. అప్పటి మరాఠీ బైబిలు సంస్కృత పదభారంతో సామాన్య స్త్రీలకు అందదని ఆమె తలచినది. హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, మూలంనుండి పల్లె మరాఠీలోకి ఒంటిగా అనువదించడానికి పూనుకొన్నది. ఏండ్ల తరబడి సాగిన పని అది. సంస్కృతంవల్లనే ‘సరస్వతి’ అనిపించుకొన్న విదుషి, కలంనుండి అప్రయత్నంగా జాలువారే ఆ సంస్కృత పదాలను ఒక్కొక్కటిగా పక్కకు పెట్టవలసివచ్చినది. అనువాదకులకు ఆ త్యాగం విలువ తెలుసు. తన సొంత కంఠం తగ్గించుకొంటేనేగాని మూలం మాట వినబడదు. వాంటేజిలో బిషప్పులకు వంచని తల కేడ్‌గావ్‌లో చదువురాని పల్లెపడుచు నోటి మాటకు వంగినది. ఆమె మనస్సు పూర్తిగా ఒప్పుకొన్న విధేయత అది.

1921 జూలైలో, తన తరువాత బాధ్యత వహించవలసిన మనోరమ మరణించినది. ఇదీ దేవుని చిత్తమేనా అని అడగడానికి ఏ తల్లికైనా హక్కుంటుంది. రమాబాయి మరునాటి పనికి కూర్చున్నది. 1922 ఏప్రిల్ 5న కన్నుమూసేనాటికి అనువాదం పూర్తయియున్నది. గ్రంథం సమగ్రంగా 1924లో వెలువడినది. మరాఠీ సంఘాలలో పాత అనువాదపు స్థానం దానికి దక్కలేదు. అయినా దాని అచ్చు పని జరిగినది ముక్తి ముద్రణశాలలోనే, అక్కడి స్త్రీల చేతులతోనే. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, వరుసలో పేర్చి, తప్పు పడితే తీసి మళ్ళీ పేర్చి వారు ఆ మాటను విన్నారు.