'దెన్' దగ్గర జాగ్రత్త

తమ్ముళ్లూ,

సంచికకు మా ఉద్యోగాల గురించి రాయమన్నారు. అంతకంటే, ఈ ఏడాది ఆదివారాలు కూర్చుని మేము జావాస్క్రిప్ట్‌లో రాసిన చిన్న ప్రోగ్రాం గురించి చెబుతాం. పూర్వ విద్యార్థులం వేసుకున్న చందాలో నుంచి ఎవరికి ఎంత కాలేజీ ఫీజు కట్టాలో అది లెక్క తీస్తుంది.

విద్యార్థి వివరాలు ఒకచోట, కాలేజీవి ఇంకోచోట, ఫీజు బాకీ మరోచోట ఉంటాయి. ఒకటి అందితేగాని రెండోది అడగలేం. అడగ్గానే జవాబూ రాదు. దాని బదులు ప్రామిస్ వస్తుంది. 2015లో ఈ భాషలో చేరిన ప్రామిస్, టిఫిన్ సెంటర్లో డబ్బు కట్టి తీసుకునే టోకెన్ లాంటిది. చేతిలో ఇడ్లీ లేదు, వస్తుందన్న హామీ ఉంది. వచ్చాక ఏం చెయ్యాలో 'దెన్' అని ముందే చెప్పి పెట్టాలి. మూడు మెట్లకు మూడు దెన్‌లు.

అదే ఏడాది వచ్చిన ప్రాక్సీతో ఈ దెన్‌లను కనబడకుండా దాచొచ్చు. ప్రాక్సీ అంటే ఏమిటో, హాజరు పిలిచేటప్పుడు ఒకరి బదులు ఇంకొకరు పలికే మీకు మేము చెప్పాలా! ప్రామిస్ ముందు ప్రాక్సీని నిలబెడితే 'విద్యార్థి డాట్ కాలేజీ డాట్ బాకీ' అని ఒకే వరుసలో రాసుకోవచ్చు. ప్రతి చుక్క దగ్గరా 'గెట్' ట్రాప్ ఆ పేరును పట్టుకుని, లోపల దెన్ తగిలించి, కొత్త ప్రామిస్‌ను మళ్లీ ప్రాక్సీలో చుట్టి ఇస్తుంది. మధ్యలో ఫంక్షన్‌ను పిలవాలంటే 'అప్లై' ట్రాప్ కూడా కావాలి. అది పనిచెయ్యాలంటే ప్రాక్సీ లోపల పెట్టేది ఫంక్షనే అయి ఉండాలి.

అసలు చిక్కు 'దెన్' అన్న పేరుతోనే. చివర్లో 'అవెయిట్' అనగానే జావాస్క్రిప్ట్ ఆ ప్రాక్సీని 'నీ దగ్గర దెన్ ఉందా' అని అడుగుతుంది. గెట్ ట్రాప్ దాన్నీ మామూలు పేరులాగే పట్టేసి ఇంకో ప్రాక్సీని ఇచ్చిందంటే, ఆ అవెయిట్‌కు జవాబు ఎప్పటికీ రాదు. మనం రాసిన 'క్యాచ్'కూ ఏమీ చిక్కదు. జాబితాలో ఒక తమ్ముడి పేరు ఉండదు, ఫీజు గడువు మాత్రం ఆగదు. కాబట్టి దెన్ అని అడిగితే అసలు ప్రామిస్ దెన్‌నే, ఆ ప్రామిస్‌కు బైండ్ చేసి ఇవ్వాలి.

వివరాలు చూపించేచోట ప్రాక్సీని ఉంచాం. డబ్బు లెక్క తేలేచోట మాత్రం 2017లో వచ్చిన అవెయిట్‌నే మెట్టుమెట్టుకూ విడిగా రాశాం. చూడ్డానికి పొడవే, కానీ ఎక్కడ ఆగిందో కనబడుతుంది. వచ్చే ఏడాది దీన్ని చూసుకోవాల్సింది మీరే కదా!

కోడంతా అచ్చు తీసి స్టడీ రూంలో పెట్టాం. దెన్ ఉన్నచోట ఎర్ర గీత ఉంటుంది, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.