కిలోన్నర ఇల్లు

2025 ఏప్రిల్ 26, శనివారం. ఎడిన్‌బరో

ఈ వేసవికి క్యాంప్‌సైట్లు వద్దు, కొండల్లోనే పడుకుందాం అని బావమరిది పట్టుబట్టాడు. గ్లాస్గోలో వాడి చదువు అయిపోవస్తోంది. ఆ తర్వాత ఉద్యోగం ఎక్కడో ఏమో. ఇక్కడికి వచ్చే ముందు పాడేరు దగ్గర వంజంగిలో అద్దె టెంటులో పడుకుని మేఘాలు చూశాడట, ఆ ధీమా ఉంది.

"అక్కడ టెంటు వేసిందెవర్రా?" అన్నాను.

"వాళ్ళే వేసి పెట్టారు బావా."

ఇక్కడ వేసి పెట్టేవాళ్ళు ఉండరు. హక్కు మాత్రం ఉంది. స్కాట్లండ్ పార్లమెంటు 2003లో భూసంస్కరణల చట్టం చేసింది. మన సీలింగు చట్టం లాంటిది కాదు. భూమి ఎవరి పేరున ఉన్నా దాని మీద నడవొచ్చు, టెంటు వేసి రాత్రి గడపొచ్చు, బాధ్యతగా మసలుకోవాలి అంటుంది. 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఇళ్ళ పెరళ్ళు, పంట చేలు ఇందులోకి రావు. తక్కువమంది ఉండాలి, ఒకచోట రెండు మూడు రాత్రులు మించకూడదు, రోడ్డుకీ ఇళ్ళకీ దూరంగా వేసుకోవాలి. లోమండ్ సరస్సు చుట్టుపక్కల కొన్ని చోట్ల మాత్రం 2017 నుంచి మార్చి–సెప్టెంబరు మధ్య పర్మిట్ కావాలి.

కార్లో పడుకుంటే ఈ హక్కు వర్తించదు. అంటే ఇల్లు వీపు మీద మోసుకుపోవాల్సిందే. ముందు తూకం చూడాలి.

ఏప్రిల్ 29, మంగళవారం

టెంట్ల బరువుకి రెండు అంకెలుంటాయి. పెద్ద అక్షరాల్లో వేసేది లోపలి గది, పై కప్పు, పోల్స్ బరువే. సంచి, మేకులు, తాళ్ళు, రిపేరు సామాను అన్నీ కలిపిన అంకె కింద చిన్నగా ఉంటుంది. రెంటికీ పావు కిలో దాకా తేడా వస్తోంది. మేకుల్లేకుండా నిలబడే టెంటు నేనైతే చూడలేదు. ఇకమీదట చిన్న అక్షరాల అంకే చూడాలి.

రాసుకున్నవి:

రెండున్నర కిలోలవి. చవక. మందం గుడ్డ, లావు పోల్స్. వ్యాంగో వాళ్ళవి ఈ తరగతిలో కొండలెక్కేవాళ్ళందరికీ తెలిసినవే. ఊళ్ళో కంపెనీ అన్నట్టే, పోర్ట్ గ్లాస్గోలో ఉంది.

కిలోన్నర నుంచి రెండు కిలోలవి. ధర రెట్టింపు, ఆ పైన. సిలికాన్ పూసిన పల్చటి నైలాను.

కిలో, అంతకు లోపు. డైనీమా గుడ్డ, చాలావాటికి నడకకర్రలే పోల్స్. సాగదు, నీళ్ళు పీల్చదు. ధర చూసి మా ఆవిడ "ఇందులో ఏసీ కూడా ఉంటుందా?" అంది.

ఒంటిమనిషి టెంటు, డైనీమాది కాకపోతే, చాలావరకు కిలో దాకా ఉంటోంది. కిలోన్నర టెంటుని ఇద్దరు పంచుకుంటే మనిషికి ముప్పావు కిలో. గుడ్డ ఒకరు, పోల్సూ మేకులూ ఒకరు. కాగితం మీద ఇద్దరి టెంటే లాభం. లోపల ఇద్దరూ పడితేనే.

మే 4, ఆదివారం

షాపులో నేల మీద వేసి చూపించారు. బూట్లు విప్పి ఇద్దరం దూరి పడుకున్నాం. వాడు ఆరడుగుల ఒక అంగుళం, నేను అయిదడుగుల తొమ్మిది.

లోపల వెడల్పు తలవైపు 125 సెంటీమీటర్లు, కాళ్ళవైపు సన్నబడి 105. మామూలు మ్యాట్ వెడల్పు 51. రెండూ పక్కపక్కన వేస్తే 102. కాళ్ళ దగ్గర మిగిలేది మూడు సెంటీమీటర్లు. వాడికేమో 64 సెంటీమీటర్ల వెడల్పు మ్యాట్ ఉంది. అది వేస్తే అంచు గోడెక్కుతుంది.

"ఒకరం అటు తల, ఒకరం ఇటు తల పెట్టుకుంటే సరి బావా."

"నీ కాళ్ళు నా మొహం మీదా? కుదరదు."

వెడల్పు సర్దుకోవచ్చు, పొడవుతోనే చిక్కు. వాడు చాపుకుని పడుకుంటే నెత్తి ఒక చివర, స్లీపింగ్ బ్యాగ్ రెండో చివర ఏటవాలు గోడకి తగిలాయి. రాత్రంతా తగులుతూ ఉంటే తెల్లారేసరికి బ్యాగు కాళ్ళవైపు తడుస్తుంది. ఈకలు కూరిన బ్యాగు తడిస్తే ముద్దయిపోతుంది, వెచ్చదనం పోతుంది. పొడవు ఎంత రాసి ఉన్నా సరే, చివరి గోడలు నిటారుగా లేస్తాయా, పడుకున్న మనిషి మీదికి వాలతాయా అని చూసుకోవాలి. పడుకుని చూడకుండా కొనకూడదు.

మే 10, శనివారం

కొన్నాం. రెండు పోల్స్, సొరంగం ఆకారం, ఒక పక్క తలుపు. అన్నీ కలిపి కిలోన్నర.

రెండు తలుపులది వాడికి నచ్చింది. రాత్రి లేవాల్సొస్తే ఒకరి మీంచి ఒకరు దాటక్కర్లేదు, నిజమే. కానీ దానికి లోపలి గది ముందు నిలబెట్టి, పై కప్పు తర్వాత వేయాలి. అమెరికా టెంట్లు చాలావరకు ఇంతే. వాన తక్కువ ఉన్నచోట హాయి, కప్పు తీసేసి దోమతెరలోంచి చుక్కలు చూడొచ్చు. ఇక్కడ వానలో అలా వేస్తే కప్పు పడేలోపు పడకగదిలో నీళ్ళు నిలుస్తాయి. మేం కొన్నదానికి గది లోపల తగిలించే ఉంటుంది, పైది లేస్తే లోపలిదీ లేస్తుంది.

గుడ్డకి రెండు వైపులా సిలికానే. దానిమీద టేపు అంటుకోదు కాబట్టి కుట్లకి ఫ్యాక్టరీలో టేపు వేయరు. ట్యూబు కొని మనమే పూసుకోవాలి. "మూడు వేల మిల్లీమీటర్లు" అని రాసింది గుడ్డ గురించే, అంటే మూడు మీటర్ల ఎత్తు నీటిస్తంభం ఒత్తిడికి ఆగుతుందని. కుట్టు సూదిబెజ్జాలకి ఆ అంకె వర్తించదు.

మే 17, శనివారం. లివింగ్‌స్టన్

మిత్రుడి పెరట్లో వేశాం. ఎండ కాస్తోంది. కుట్లకి సిలికాన్ పూయడానికి ఇంతకన్నా మంచిరోజు దొరకదు.

వేసే వరస, మళ్ళీ చూసుకోవడానికి: సన్నటి చివర గాలికి ఎదురుగా. ఆ చివర మేకులు ముందు, లేకపోతే పై గుడ్డ ఎగిరి పోతుంది. పోల్‌ని గొట్టంలోకి నెట్టాలి, అవతల నుంచి లాగకూడదు. లాగితే లోపలి రబ్బరు తాడు సాగి ముక్కలు విడిపోతాయి. రెండు పోల్సూ లేచాక రెండో చివర పట్టుకుని బిగుతుగా లాగి మేకు. తర్వాత మూలలు, చివర్న తాళ్ళు.

వాడు మొదటి మేకుని పెళ్ళిపందిరికి రాట పాతినట్టు నిటారుగా దించాడు. చేత్తో లాగి చూపించాను, వచ్చేసింది. మేకు తల టెంటుకి అవతలి వైపు వాలాలి, తాడూ మేకూ దాదాపు లంబంగా ఉండాలి. అలా పాతాక వాడే రెండు చేతుల్తో లాగాడు, కదల్లేదు. Y ఆకారపు అల్యూమినియం మేకు, పద్నాలుగు గ్రాములు. మట్టిలో పూర్తిగా దిగితేనే పట్టు. రాయి తగిలితే కాలితో తొక్కకుండా పైకి తీసి రెండంగుళాలు పక్కకి జరిపి గుచ్చాలి.

అరగంట తర్వాత చూస్తే గుడ్డ మళ్ళీ వదులైంది. మిత్రుడు పైపుతో నీళ్ళు కొట్టాక ఇంకా జారింది. నైలాను తడిస్తే సాగుతుంది, పాలియెస్టర్ అంతగా సాగదు. పడుకునే ముందు తాళ్ళు మళ్ళీ బిగించడం రోజువారీ పనే.

మే 21, బుధవారం

లండన్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. డార్ట్‌మూర్‌లో టెంటు వేసుకునే హక్కు జనానికి ఉందని ఏకగ్రీవంగా చెప్పారు. భూస్వాములు కేసు వేస్తే 2023 జనవరిలో హైకోర్టు హక్కు లేదంది, అదే ఏడు జులైలో అప్పీలు కోర్టు ఉందంది, ఇప్పుడు తేలింది. 1985 నాటి డార్ట్‌మూర్ చట్టంలో ఆరుబయట వినోదం అని ఉంది, అందులోకి రాత్రి నిద్ర వస్తుందా రాదా అని వాదన. ఇంగ్లండ్ మొత్తమ్మీద ఇలాంటి హక్కు మిగిలింది ఆ ఒక్కచోటే. మిగతా చోట్ల భూయజమాని అనుమతి అడగాలి.

ఆఫీసులో ఒకాయన "మీ స్కాట్లండ్‌లో మీకేం బాధ?" అన్నాడు. నిజమే. ఎక్కడపడితే అక్కడ చెత్త పారేసిపోతే ఈ హక్కు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. లోమండ్ దగ్గర పర్మిట్ వచ్చింది అందుకే.

జూన్ 7, శనివారం. డెర్రీ లాడ్జ్

పదవుతోంది, లైటు లేకుండా రాస్తున్నాను. గ్లెన్‌షీ మీదుగా వచ్చాం. ఆ కనుమ 670 మీటర్ల ఎత్తు, బ్రిటన్ మెయిన్ రోడ్లన్నిట్లో ఎత్తైనది. లిన్ ఆఫ్ డీ దగ్గర కారు పెట్టి అయిదు కిలోమీటర్ల నడక. 1995 నుంచి ఈ ప్రాంతం నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ వారి ఎస్టేటు. జింకల సంఖ్య తగ్గించాక పైన్ మొక్కలు వాటంతటవే లేస్తున్నాయి, దారి పొడవునా మోకాలెత్తు పిల్ల పైన్లు.

డెర్రీ లాడ్జ్ అనే పాత వేట బంగళా దగ్గర చదునైన పచ్చిక. ముందు టెంటు విప్పకుండా తిరిగి చూశాం. ముదురుపచ్చ రంగులో, సన్నటి జమ్ములాంటి గడ్డి గుబురుగా ఉన్నచోట కింద నీళ్ళుంటాయి, అక్కడ వద్దు. వాగు ఒడ్డునే ఉన్న పల్లం వద్దు, రాత్రి చల్లగాలీ నీళ్ళూ అక్కడికే దిగుతాయి. పెద్ద పైన్ల కింద వాడు వేద్దామన్నాడు. తల పైకెత్తి చూస్తే ఎండుకొమ్మ వేలాడుతోంది. చివరికి వాగుకి యాభై అడుగుల పైన, కాస్త మిట్టగా ఉన్న గడ్డినేల. ముందు నేలమీద పడుకుని ఏటవాలు చూసుకున్నాం. తల ఎత్తువైపు.

గాలి పడమర నుంచి, గ్లెన్ లూయిబెగ్ మీంచి. సన్నటి చివర అటే పెట్టాం. చినుకులు మొదలయ్యేసరికి లోపలున్నాం. పొయ్యి బయటే వెలిగించాం. టెంటు మూసి లోపల గ్యాసు పొయ్యి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడు, అది వాసన కూడా రాదు.

జూన్ 8, ఆదివారం. అక్కడే, ఉదయం

రాత్రి రెండు దాటాక గాలి తిరిగింది. ఇక్కడ రెండు లోయలు కలుస్తాయి. సాయంత్రం పడమర లోయ గాలి, రాత్రికి ఉత్తరాన గ్లెన్ డెర్రీ నుంచి దిగిన గాలి. సొరంగం టెంటు ముందు వెనకల గాలికి తట్టుకుంటుంది, పక్కగాలికి వంగిపోతుంది. పోల్ వంపు నా భుజం మీదికి వచ్చి మళ్ళీ లేస్తోంది.

"బావా, కూలిపోతుందా?"

"తాళ్ళు కట్టకపోతే కూలుతుంది. లే."

సాయంత్రం వదిలేసిన పక్క తాళ్ళు నాలుగూ కట్టాం. గాలి వచ్చే వైపు మేకులు పూర్తిగా దించి, మట్టి మెత్తగా ఉన్న ఒక్కచోట మేకు మీద రాయి పెట్టాం. తర్వాత కూడా వంగింది, కానీ విల్లులా కాదు, కాస్త ఊగింది అంతే. అయిదు నిమిషాల్లో వాడు గురక.

పొద్దున పై కప్పు లోపలి వైపంతా నీళ్ళు. "కారింది" అన్నాడు. కారలేదు, ఇద్దరి ఊపిరీ చల్లటి గుడ్డకి తగిలి నీరయ్యింది. పై కిటికీలు తెరిచే ఉంచాం, లేకపోతే ఇంకా ఎక్కువుండేది. చిన్న గుడ్డతో తుడిచి పిండితే ఒక గ్లాసు వచ్చింది.

గాలి ఆగగానే మిడ్జీలు. మన నుసుముల కంటే చిన్నవి. గంటకి పది పన్నెండు కిలోమీటర్ల గాలి వీస్తే ఎగరలేవు, అందుకే రాత్రి తిట్టుకున్న గాలే మమ్మల్ని కాపాడింది. టీ తలుపు లోపలి తెరలోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి కాచాం. సర్దేటప్పుడు లోపలి గదిని ముందు విప్పి పొడిగా చుట్టుకున్నాం. తడి కప్పు వేరే సంచిలో.

జూన్ 9, సోమవారం

స్నానాలగదిలో కర్టెన్ రాడ్ మీద టెంటు ఆరుతోంది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి "స్నానం ఎప్పుడు?" అంటోంది. రేపటిదాకా ఆగాలి. తడిగా చుట్టి పెడితే బూజు.

మోసేటప్పుడు ఇద్దరికీ బరువు తెలియలేదు. దాని బదులు ఎన్ని పనులు పడ్డాయో లెక్క వేస్తున్నాను. నేల వెతకడం, గాలి ఎటో చూడటం, మేకు కోణం, అరగంటకోసారి తాళ్ళు, అర్ధరాత్రి లేవడం, తుడవడం, ఆరబెట్టడం. రెండున్నర కిలోల టెంటు వీటిలో సగం మన్నించేది. ఆ కిలో ఎక్కడికీ పోలేదు, భుజం మీంచి దిగి కళ్ళమీదా చేతులమీదా పడింది. అలసిపోయి చేరి, ఎక్కడో ఒకచోట విసిరేసి పడుకునేవాళ్ళు బరువుదే కొనుక్కోవాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

జూన్ 14, శనివారం

బావమరిది ఫోను. వచ్చేవారం స్నేహితుడితో గ్లెన్ ఆఫ్రిక్ వెళ్తాడట, టెంటు కావాలట. ఇస్తానన్నాను. స్నేహితుడి ఎత్తు అడిగాను, అయిదడుగుల ఆరు. సరిపోతుంది.

"ఎలా వేయాలో నాకు తెలుసు బావా, మళ్ళీ చెప్పక్కర్లేదు" అన్నాడు. అయినా చెప్పాను. నేల మీద పడుకుని చూడకుండా సంచి విప్పొద్దు. గాలి లేకపోయినా తాళ్ళన్నీ కట్టు. నీళ్ళకి ముప్పై మీటర్ల లోపు ఒంటికి పోవద్దు. మేకులు లెక్కపెట్టి ఇస్తాను, లెక్కపెట్టే తీసుకుంటాను.