ఆదివారం రేటు

నవంబర్ 23, 2022, బుధవారం

రేపు థాంక్స్‌గివింగ్, మా షాపు మూత. థాంక్స్‌గివింగ్‌కీ క్రిస్మస్‌కీ పెద్ద కిరాణా షాపులు తెరవడానికి మసాచుసెట్స్ చట్టం ఒప్పుకోదు. అందుకే ఆటిల్‌బరో ఊరంతా ఇవాళే వచ్చి మీద పడింది. గడ్డకట్టిన టర్కీ కోడికి వలసంచి తొడిగి ఉంటుంది. ఆ వల పట్టుకుని ఒక్కొక్కదాన్నీ స్కానర్ మీదికి లాగేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఇంటికొచ్చి చూసుకుంటే అరచేతుల్లో వల అచ్చులు ఇంకా ఉన్నాయి.

రేపటి సెలవు ఫుల్‌టైమ్ వాళ్లకి జీతంతో వస్తుంది. పార్ట్‌టైమ్ వాళ్లకి గంటలు పోతాయి, వాటితోపాటు డబ్బూ పోతుంది. ఫెడరల్ వేతన చట్టం 1938 నాటిది. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇమ్మంటుంది గానీ, పండుగ ఊసే ఎత్తదు. క్రిస్మస్ నాడు చేసినా, మామూలు మంగళవారం చేసినా దానికి ఒకటే. ఆపైన ఏమైనా రావాలంటే రాష్ట్రమైనా చెప్పాలి, యూనియన్ ఒప్పందమైనా ఉండాలి. రెండూ లేకపోతే యజమాని దయ.

డిసెంబర్ 18, ఆదివారం

టైమ్ క్లాక్ పక్కన కాగితం అంటించారు. జనవరి 1 నుంచి ఆదివారాలకీ పండుగలకీ అదనపు రేటు ఉండదట. డెలీ కౌంటర్‌లో చేసే పెద్దావిడ, కేప్ వెర్డే నుంచి వచ్చినావిడ, దాన్ని నిలబడి రెండుసార్లు చదివింది. ఆవిడ చేరినప్పుడు ఆదివారమంటే టైమ్ అండ్ హాఫ్, ఒకటిన్నర రెట్లు. "ఆ ఆదివారాలతోనే నా అద్దె కట్టుకున్నాను" అంది.

ఇది ఇవాళ చేసిన నిర్ణయం కాదు. 2018లో కనీస వేతనం 15 డాలర్లు చేయాలనీ, జీతంతో కూడిన కుటుంబ సెలవు ఇవ్వాలనీ 'రైజ్ అప్ మసాచుసెట్స్' కూటమి ప్రజల ఓటుకి వెళ్లబోయింది. అమ్మకపు పన్నుని 6.25 శాతం నుంచి 5కి తగ్గించాలని చిల్లర వ్యాపారుల సంఘం అదే దారి పట్టింది. ఓటుదాకా పోకుండా ఇద్దరికీ రాజీ కుదిర్చారు. జూన్ 28న గవర్నర్ చార్లీ బేకర్ సంతకం పెట్టారు. 15 డాలర్లు, కుటుంబ సెలవు వచ్చాయి. చిన్న విజయాలు కావు అవి, బాలింతలకి ఆ సెలవు ఎంత అవసరమో నేను చూశాను. కానీ బదులుగా ఆదివారం రేటుని ఏడాదికి మామూలు రేటులో పదో వంతు చొప్పున కోసేశారు.

రసీదు కాగితం వెనక లెక్క వేశాను. 2018లో కనీస వేతనం 11 డాలర్లు, ఆదివారం ఒకటిన్నర రెట్లు, అంటే గంటకి 16.50. ఈ ఏడాది 14.25కి 1.1 రెట్లు, అంటే 15.68. వచ్చే నెల నుంచి ఏ రోజైనా 15. మామూలు రోజున 75 సెంట్లు పెరుగుతుంది, ఆదివారం 68 సెంట్లు తగ్గుతుంది. అయిదేళ్లలో ధరలన్నీ పెరిగాయి, మా ఆదివారం గంట మాత్రం డాలరున్నర తగ్గింది. దీన్ని జీతం పెంపు అని ఒప్పుకోలేను.

జనవరి 1, 2023, ఆదివారం

ఆదివారమూ కొత్త సంవత్సరమూ కలిసొచ్చాయి. పొద్దున ఏడింటికి క్లాక్ ఇన్ చేశాను. మామూలు రేటే. డెలీ ఆవిడ రాలేదు, మనవలతో ఉంటానని ముందే చెప్పేసింది.

జనవరి 15, ఆదివారం

సంక్రాంతి. షిఫ్ట్‌కి వెళ్లేముందు అమ్మకి ఫోన్ చేస్తే బాబాయి కూడా మాట్లాడాడు. విజయవాడలో బట్టల షాపులో ముప్పై ఏళ్లుగా సేల్స్‌మన్. పండుగ సీజనంతా రాత్రి పదింటిదాకా చీరలు విప్పి చూపించడమే పని. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నుంచీ చట్టం ఉంది: జాతీయ సెలవుల్లో, పండుగ సెలవుల్లో పని చేయిస్తే రెట్టింపు జీతం గానీ, జీతంతో మరో రోజు సెలవు గానీ ఇవ్వాలి. "మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాడు బాబాయి. అక్కడ చట్టం ఉండీ అందలేదు. ఇక్కడ అందుతున్నదాన్ని చట్టంలోంచే తీసేశారు.

పాటకెట్ నుంచి వదిన అరిసెలు తెచ్చింది. ఆమె పనిచేసేది రోడ్ ఐలండ్ వైపు, మందుల షాపులో. అక్కడ ఆదివారాలకీ పండుగలకీ ఒకటిన్నర రెట్లు ఇంకా చట్టంలోనే ఉంది. వాళ్ల కనీస వేతనం 13 డాలర్లే, అయినా ఆదివారం గంటకి 19.50 వస్తుంది. మాకు 15. మధ్యలో పది నిమిషాల దారి. ఆ రేటు ఇస్తూ కూడా అక్కడి షాపులు నడుస్తూనే ఉన్నాయి. 2019 ఏప్రిల్‌లో, యూనియన్ ఉన్న 'స్టాప్ అండ్ షాప్' కిరాణా షాపుల కార్మికులు, దాదాపు 31 వేల మంది, సమ్మె చేసి అప్పటికి పనిలో ఉన్నవాళ్లకి ఆదివారం టైమ్ అండ్ హాఫ్ నిలబెట్టుకున్నారు. మా షాపులో యూనియన్ లేదు.

మధ్యాహ్నం బ్రేక్ రూమ్‌లో కొత్తగా చేరిన కాలేజీ అమ్మాయి, గుంటూరు పిల్ల, అడిగింది: "అక్కా, ఆదివారం రానంటే తీసేస్తారా?" తీసేయడానికి వీల్లేదు. అదనపు రేటు పోయింది గానీ, దాని పక్కనే ఉన్న మాట చట్టంలో అలాగే ఉంది. ఏడుగురికి మించి పనిచేసే చిల్లర షాపులో ఆదివారం పని ఇష్టం మీదే. రానన్నందుకు తీసేయకూడదు, గంటలు కోయకూడదు. ఆ పేరా ఫోన్‌లో తీసి చూపించాను, ఫొటో తీసుకుంది. ఇక్కడ గంటల లెక్కన పనిచేసే తెలుగువాళ్లెవరైనా ఉంటే ఈ సంగతి తెలుసుకోవాలి, పక్క రిజిస్టర్ దగ్గర నిలబడ్డవాళ్లకీ చెప్పాలి.