బండి విప్పేముందు నాడి చూడాలి!

తొలకరి పడితే పల్లెల్లో రైతులకు ఎంత హడావుడో, బెజవాడ ఆటోనగర్‌లో ట్రాక్టరు మెకానిక్కులకూ అంతే హడావుడి. పాతికేళ్లనాటి బండిలో జబ్బు క్లచ్‌దో గేర్‌బాక్సుదో విప్పకముందే పసిగట్టే విద్య అక్కడి షెడ్లలో చూసి తీరాల్సిందే.

బందరు రోడ్డులో ఆటోనగర్ గేటు దాటి లోపలికి అడుగుపెడితే ముందుగా పలకరించేది చప్పుడే. ఒకచోట రేకు మీద సుత్తి దెబ్బలు, ఇంకోచోట లేత్ మిషను మోత, మరోచోట వెల్డింగ్ చిటపటలు. 1960ల్లో మొదలైన ఈ జవహర్ ఆటోనగర్‌కి లారీ బాడీలు కట్టడంలో పెద్ద పేరు. 2014లో వచ్చిన 'ఆటోనగర్ సూర్య' సినిమా కథ జరిగేదీ ఇక్కడే. ఆ లారీల సందడి దాటి పక్క వీధుల్లోకి తిరిగితే ట్రాక్టర్లు కనిపిస్తాయి. మాసీ ఫెర్గూసన్ 1035, మహీంద్రా బీ-275, ఫోర్డ్ 3600, హెచ్ఎంటీ... రంగు వెలిసినా రైతు వదులుకోలేని పాతకాపులు. హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లోనే కేంద్రం నిర్ణయించినా, ఆ బండ్లు మాత్రం ఇంకా దమ్ములోకి దిగుతూనే ఉన్నాయి.

కొత్తవాళ్లని ఆశ్చర్యపరిచే దృశ్యం ఒకటుంది. ట్రాక్టరు ముందు సగం ఓ పక్క, వెనక సగం ఇంకో పక్క! లారీకి ఉన్నట్టు చాలా ట్రాక్టర్లకి కింద ఛాసిస్ ఉండదు. ఇంజిను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్సు... వరసగా బోల్టులతో బిగించిన ఈ మూడే దానికి వెన్నెముక. అందుకే అరచేతి మందం లేని క్లచ్ ప్లేటు చూడాలన్నా బండిని నడుం దగ్గర రెండుగా విడదీయాల్సిందే. ముందు ఇరుసు మీద చెక్క మేకులు కొట్టి ఇంజిను పక్కకి ఒరగకుండా చూడాలి, వెనక సగానికి దన్ను పెట్టాలి, గొట్టాలూ వైర్లూ ఊడదీయాలి. ప్లేటు ఖరీదు ఒకెత్తయితే ఈ చాకిరీ ఒకెత్తు. పైగా కాలువకి నీళ్లొచ్చి, నారు ముదురుతున్న రోజుల్లో బండి షెడ్డులో పడుకుంటే ఆ నష్టానికి లెక్కే లేదు. అందుకే అనుభవమున్న మేస్త్రీ పానా పట్టుకునేముందు ప్రశ్నలు వేస్తాడు.

ఏమైంది బాబాయ్?

'బండి లాగట్లేదు' అంటే సరిపోదు. ఇంజినే నీరసపడి ఆగిపోతోందా? లేక ఇంజిను గయ్యిమని అరుస్తున్నా చక్రాలు కదలట్లేదా? మొదటిదైతే డీజిల్ వైపో, ఇంజిను వైపో చూడాలి. రెండోదైతే క్లచ్ జారుతోందని అనుమానం. దానికి తోడు కాలిన వాసన కూడా వస్తుంటే అనుమానం బలపడుతుంది.

అప్పుడూ బండి విప్పరు. ముందు క్లచ్ పెడల్‌ని చేత్తో నొక్కి చూస్తారు. గట్టిగా తగిలేముందు అది కాస్త వదులుగా కదలాలి. దాన్నే ఫ్రీ ప్లే అంటారు. చాలా పాత బండ్లకి ఇది దాదాపు అంగుళం. కచ్చితమైన కొలత ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ ఈ వదులు తగ్గుతూ వస్తుంది. అసలు లేకుండా పోతే, కాలు తీసినా క్లచ్ పూర్తిగా పట్టదు... జారుతుంది. పెడల్ మీద పాదం ఆనించి నడిపే అలవాటున్నా ఇదే తంతు. ఇక్కడే తేడా ఉంటే లింకు రాడ్డు సరిచేస్తే చాలు. అరగంట పని!

ఫ్రీ ప్లే సరిగ్గానే ఉంటే తర్వాతి పరీక్ష. చదును నేల మీద, ముందు ఎవరూ లేకుండా చూసి, బ్రేకులు గట్టిగా బిగించి, పెద్ద గేరు వేసి, క్లచ్ మెల్లగా వదులుతారు. క్లచ్ బాగుంటే ఇంజిను టక్కున ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టే. ఒకటి రెండుసార్లు మించి ఇలా చేయకూడదు. ఉన్న ప్లేటు కూడా మాడిపోతుంది.

జారడం ఒక జబ్బయితే, వదలకపోవడం ఇంకో జబ్బు. పెడల్ పూర్తిగా తొక్కినా బండి మెల్లగా ముందుకి పాకుతుంది. తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి రివర్సు వేసినా గేరు గరగరమంటుంది. ఫ్రీ ప్లే మరీ ఎక్కువైనా, ప్లేటు వంకరపోయినా ఇలాగే ఉంటుంది. సీజను అయ్యాక నెలల తరబడి వానలో, చెమ్మలో కదలకుండా నిలబెట్టేసిన బండికైతే తుప్పు పట్టి ప్లేటు ఫ్లైవీలుకి అతుక్కుపోతుంది. చాలామంది దీన్ని గేర్‌బాక్సు జబ్బనుకుని కంగారుపడతారు.

చెవికి పని చెప్పు

ఇక చప్పుళ్ల సంగతి. ఇంజిను నడుస్తుండగా గేరు న్యూట్రల్‌లో పెట్టి వినాలి. పెడల్ తొక్కినప్పుడే కీచుమని, వదలగానే ఆగిపోతే రిలీజ్ బేరింగ్ మీద అనుమానం. అలా కాకుండా పెడల్ వదిలినప్పుడు మోగుతూ, తొక్కగానే ఆగిపోతే చూపు గేర్‌బాక్సు వైపు తిప్పాలి. లోపలికి తిరుగుడు తెచ్చే షాఫ్టు బేరింగ్ అరిగి ఉండొచ్చు. ఏదో ఒక్క గేరులోనే మోత వస్తే ఆ గేరు పళ్లు చూడాలి. అన్ని గేర్లలోనూ వస్తే బేరింగులు. మలుపు తిరిగేటప్పుడు మాత్రమే వస్తే వెనకున్న డిఫరెన్షియల్. లోడు మీద గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌లో పడుతుంటే లాక్ స్ప్రింగో, గేరు ఫోర్కో, పళ్ల అంచులో అరిగినట్టు లెక్క.

ఇన్ని సంగతులు చెప్పేది ఒక చెవి, ఒక పాదం. చప్పుడు ఎప్పుడొస్తోందో, ఎప్పుడు ఆగుతోందో రైతు సరిగ్గా చెప్పగలిగితే మేస్త్రీకి సగం పని అయిపోయినట్టే.

ఆ చుక్క ఏ రంగు?

క్లచ్ హౌసింగ్ అడుగున చాలా బండ్లకి చిన్న రంధ్రం ఉంటుంది. దమ్ము చేసేటప్పుడు బురదనీళ్లు లోపలికి పోకుండా దాన్ని మూసి, పనయ్యాక తెరవాలి. తెరవడం మరిచిపోతే లోపల కారిన నూనె బయటికి దారిలేక ప్లేటుని తడిపేస్తుంది. ఆ రంధ్రం నుంచి రాలే చుక్కని మేస్త్రీలు వేలికి రాసుకుని చూస్తారు. నల్లగా ఉంటే ఇంజిను ఆయిల్, అంటే క్రాంక్ వెనక సీలు పోయింది. నలుపు లేకుండా జిడ్డుగా, ఘాటైన వాసనతో ఉంటే గేర్ ఆయిల్, అంటే గేర్‌బాక్సు సీలు పోయింది. ఈ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అది కూడా కొద్ది రోజుల్లోనే తడిసి జారుతుంది.

గేర్‌బాక్సు ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టు. అదే ఆయిల్‌తో హైడ్రాలిక్స్ కూడా పనిచేసే బండ్లలో లిఫ్టు మొరాయించడానికీ అది కారణం కావచ్చు. ఆయిల్ తీసినప్పుడు అడుగున బూడిదరంగు మడ్డి కొద్దిగా ఉంటే భయం లేదు. గోరంత ఇనప ముక్కలు కనిపిస్తే మాత్రం ఇక నడపకూడదు.

ఇన్ని చూశాక కూడా విప్పక తప్పదనుకుంటే అప్పుడు పానా పడతారు. ఒకసారి విప్పాక ప్లేటుతో పాటు రిలీజ్ బేరింగ్, ఫ్లైవీలు మధ్యనుండే పైలట్ బేరింగ్, రెండు సీళ్లూ చూసి మార్చేయడం మంచిది. అక్కడ కక్కుర్తి పడితే మళ్లీ నడుం విరిచే చాకిరీ మొదటికొస్తుంది. మాడి నీలంరంగు తేలిన ఫ్లైవీలుని లేత్ మీద చదును చేయించడానికి ఊళ్లు తిరగక్కర్లేదు. లేత్ పక్క షెడ్డులోనే ఉంటుంది. ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయిన భాగం కూడా పాత సామాన్ల కొట్లో వెతికితే దొరకొచ్చు. ఆటోనగర్ బలం అదే.

అయితే ఆ బలం అక్కరకొచ్చేది సమయానికి వస్తేనే. తొలకరికి ఓ నెల ముందే ఫ్రీ ప్లే కొలుచుకుని, ఆయిల్ రంగు చూసుకుని, కింద రంధ్రం తెరిచి చూసుకుంటే జబ్బు ముదరకముందే తెలుస్తుంది. మే నెలలో షెడ్డు ఖాళీగా ఉంటుంది, మేస్త్రీకి తీరిక ఉంటుంది. నీళ్లు వదిలాక వస్తే బండితో పాటు అదునూ వరసలో నిలబడాల్సిందే!