మేకలోళ్ళ ఇల్లు



పెండ్లి మాట వచ్చినప్పుడు మన పల్లెల్లో పెద్దలు మొదట అడిగేది "మీ ఇంటిపేరేమిటి?" అనే. ఒకే ఇంటిపేరు గలవారు అన్నదమ్ముల వరుస గనుక పిల్లనిచ్చి పుచ్చుకోరు. హైదరాబాదు పాతబస్తీలో యాకుత్‌పురాలో స్థిరపడిన మాకు ఈ ప్రశ్న మా అమ్మాయి సంబంధం దగ్గర ఎదురైంది. మెదక్ వైపు నుండి ఒక మంచి విశ్వాస కుటుంబం అడిగింది. అయితే మా ఇంటిపేరు మాలో ఎవరికీ తెలియదు.

మా తాతగారు నిజాము కాలంలో పల్లె విడిచి వచ్చి సర్కారు కొలువులో చిన్న పనికి చేరారు. ఆనాటి ఉర్దూ కాగితాల్లో మనిషి పేరు, తరువాత 'వల్ద్' అనే మాట, ఆపైన తండ్రి పేరు రాసేవారు. వల్ద్ అంటే కుమారుడు. ఇంటిపేరుకు అక్కడ చోటు లేదు. తరువాత బడిలో తాతగారి బాప్తిస్మపు పేరే పిల్లలకు ఇంటిపేరైంది. ఇంకొక సంగతి దాచకూడదు. ఇంటిపేరు అడిగినవారిలో కొందరు చుట్టరికం కోసం గాక, కులం తెలుసుకొని దూరం పెట్టడానికే అడిగేవారు. ఆ బాధ పడిన పెద్దలు చెప్పకపోవడమే మేలనుకున్నారు. వారిని తప్పుపట్టలేము.

అందరూ విడువలేదు. ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసులలో ఒకరై, 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారు ఇంటిపేరుతోనే సంఘ చరిత్రలో నిలిచారు.

కెనడా దేశంలో క్యుబెక్ ప్రాంతపు ఫ్రెంచివారికీ ఇటువంటి చిక్కే ఉండేది. అనేక కుటుంబాలకు రెండేసి ఇంటిపేర్లు. తాతల నుండి వచ్చినది ఒకటి, సైన్యంలోనో ఊళ్ళోనో పడినది మరొకటి. ఒక కొడుకు మొదటిది, ఇంకొకడు రెండవది పెట్టుకుంటే ఒకే రక్తం రెండు ఇండ్లుగా కనబడేది. ఆ ముడి విప్పేది గుడిలోని పెండ్లి పుస్తకమే. వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా, అందులో రాసేవారు. 1640లో క్యుబెక్ పట్టణపు గుడి కాలి పుస్తకాలు బూడిదైతే, జ్ఞాపకమున్నంత మట్టుకు మళ్ళీ రాశారు.

మేమూ తాతగారి పల్లెకు వెళ్ళాము. గుడి పాత రిజిస్టరును చాలా మట్టుకు చెదలు తినేసింది. అయితే ఎనభై దాటిన ఒక అవ్వ మమ్మును పరీక్షగా చూసి, "మీ ముత్తాత మేకలోళ్ళ ఇంటోడు బిడ్డా" అన్నది. మిగిలిన పుటల్లో తాతగారి చెల్లెలి పెండ్లి దగ్గర అదే పేరు దొరికింది. మెదక్ వారి ఇంటిపేరూ మేకలే. విచారించగా వారి ముత్తాత, మా ముత్తాత అన్నదమ్ములని తేలింది.

సంబంధం తప్పింది, చుట్టరికం కలిసింది. ఆ అబ్బాయి మా అమ్మాయికి అన్న వరుసై, మరుసటి క్రిస్మసుకు తల్లిదండ్రులతో మా ఇంటికి వచ్చి భోంచేశాడు.

ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలో, వంశావళి పుస్తకంలో పేరు దొరకని కొందరిని యాజకత్వం నుండి వేరు చేశారు. క్రీస్తు సంఘంలో అలా జరుగదు. మత్తయి వ్రాసిన ప్రభువు వంశావళిలో అన్యస్త్రీయైన రూతు ఉన్నది, రాహాబు ఉన్నది. కాబట్టి ఇంటిపేరుతో ఎవరినీ కొలువరాదు. అలాగని దాచి పోగొట్టుకోనూ రాదు. దేవుడు మనలను ఏ ఇంటి నుండి ఎలా నడిపించాడో అది చెబుతుంది.

ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థన తరువాత ఇంటి పెద్దలను కూర్చోబెట్టి అడగండి. ఇంటిపేరు, పాత పేరు, బాప్తిస్మపు పేరు, అమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు, ఊరు, అన్నీ రాయండి. ఒక ప్రతి బైబిలులో ఉంచి, ఒకటి పాస్టరుగారికి ఇవ్వండి. అవ్వలు, తాతలు ఉండగానే ఈ పని చేయండి.

మన అందరి పేర్లు జీవగ్రంథమందు ఉండునట్లు ప్రభువు కృప చూపును గాక. ఆమేన్.