సంతకానికి ముందు

మా పెద్దమ్మాయికి పద్నాలుగేళ్లు. నిరుడు రెండు మాసాలపాటు పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతి. పైత్యమని మా అమ్మ శొంఠి కషాయం కాచి పోసింది. వస్తువులు రెండుగా కనబడుతున్నాయని పిల్ల చెప్పిన తరువాత గాని స్కానుకు తీసుకుపోలేదు. ఆ ఆలస్యం నాదే.

మెదడు లోపల నాలుగు గదులున్నాయట. వాటిలో రోజుకు సుమారు అర లీటరు తేట నీరు ఊరి, మెదడు వెలుపలికి పారి, రక్తంలో కలిసిపోతుంది. మూడవ గదినుండి నాలుగవ గదికి పోయే సన్నని కాలువ మా పిల్లకు మూసుకుపోయింది. నీరు నిలిచి పై గదులు ఉబ్బాయి. నీటిని కడుపులోకి దింపే గొట్టం అమర్చడం ఒక ఉపాయం. మూడవ గది నేలలో రంధ్రం చేయడం మరొకటి. ఈ పిల్లకు రెండవదే మేలని డాక్టరమ్మ అన్నది.

నేను గుమాస్తాను. చదువు మెట్రిక్యులేషనుతో సరి. అయినా అర్థం కాని కాగితంమీద సంతకం చేయడం నాకు అలవాటు లేదు. "అంత లోతుకు మెదడు చెడకుండా ఎలా పోతారమ్మా?" అని అడిగాను. ఆమె విసుక్కోలేదు. నా సంచీలోని పాత కవరు తీసుకుని, దాని వెనుక బొమ్మ గీస్తూ తమిళంలో చెప్పింది.

నడినెత్తిన పాపిట కింద పెద్ద రక్తనాళం ఉంది గనుక మూడు సెంటీమీటర్లు పక్కకు జరగాలి. మరీ వెనక్కు పోతే కాలూ చేయీ ఆడించే భాగం తగులుతుంది. అందువల్ల నుదుటి ఎముక వెనుక ఎముకలతో అతికే గీతకు ఒక సెంటీమీటరు ముందే ఆగాలి. మాటకు సంబంధించిన భాగం చాలామందికి ఎడమవైపు ఉంటుంది, కనుక కుడివైపు. అక్కడ ఎముకకు చిల్లి పెట్టి సన్నని దుర్భిణి దింపితే, అయిదారు సెంటీమీటర్ల లోపే మొదటి గది. నీటిని ఊరించే ఎర్రని కుచ్చు ఒకటి అందులో ఉన్నది. దాని వెంట పోతే మూడవ గది వాకిలి దొరుకుతుంది. 1923లో అమెరికాలో మిక్‌స్టర్ అనే వైద్యుడు మూత్రనాళం చూసే దుర్భిణితోనే ఒక పసిపిల్లకు ఈ పని చేశాడట!

ఆ వాకిలి అంచున జ్ఞాపకశక్తికి సంబంధించిన నరాల కట్ట వంగి ఉంటుంది. దుర్భిణి అటూ ఇటూ ఒరిస్తే దానికి దెబ్బ. దిగువన గది నేల పలుచని పొర. అక్కడి రెండు బుడిపెలకు ముందు, సరిగ్గా నడుమ, రంధ్రం చేయాలి. ఆ పొర కిందనే పెద్ద ధమని కొట్టుకుంటూ ఉంటుంది.

"అది తెగితే?"

"ప్రాణాపాయం, సార్. అరుదే. కాని మీ దగ్గర దాచను."

ఆ మాటతోనే నాకు ఆమెమీద నమ్మకం కుదిరింది.

ఇంటికి వచ్చి ఇదంతా అమ్మకు తెలుగులో చెప్పబోతే మాటలు చాలలేదు. కవరు చూపించాను. ధమని మాట ఆమె పట్టించుకోలేదు. "జ్ఞాపకం పోతే పిల్ల మనలను గుర్తుపడుతుందా, నాయనా?" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను. మరునాడు సంతకం చేశాను.

ఆపరేషను అయిన సాయంత్రం, తల కట్టుతో పిల్ల కళ్లు తెరిచింది. అమ్మ మంచంమీదికి వంగి, "నేనెవరినే?" అని అడిగింది.

"కషాయం అవ్వవి" అన్నది పిల్ల.